బార్సిలోనాను ఆపిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి సెల్టిక్‌లో చోటెందుకు నిలవలేదు?

నమస్కారం. మీ ప్రశ్నలోని మూడు భాగాలనూ ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. రెండు మ్యాచ్‌లలో బార్సిలోనాకు ఒక్క గోల్ కూడా ఇవ్వని స్కాట్లాండ్ గోల్‌కీపర్ డేవిడ్ మార్షల్, ఏడాదిన్నర తిరగకముందే గ్లాస్గో నగరపు క్లబ్ సెల్టిక్‌లో తన చోటు ఎందుకు పోగొట్టుకున్నాడన్నది మొదటిది. 2005లో స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో తిన్న అయిదు గోల్సే అందుకు కారణమా అన్నది రెండోది. అంతకుముందే ఏదైనా చిన్న క్లబ్‌కు లోన్ మీద (కొంతకాలం అరువుగా) పంపి ఉంటే అతని కథ మరోలా నడిచేదా అన్నది మూడోది. పాతికేళ్ళుగా గోల్‌కీపర్లకు శిక్షణ ఇస్తున్నవాణ్ణి గనుక ఈ కుర్రవాడి తొలి నాలుగేళ్ళ గురించి మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పవలసి వచ్చింది. క్లుప్తంగా నా అభిప్రాయం ఇది: ఎక్కవలసిన మెట్లను అతను తలకిందుల వరసలో ఎక్కాడు. అందరికీ చివర్లో వచ్చే పరీక్ష అతనికి మొదట వచ్చింది, అందరూ మొదట చేసే సాధన అతనికి చివర్లో దొరికింది. బ్రాటిస్లావా ఆ లోటు బయటపడిన రోజు మాత్రమే.

ఒక చిన్న సవరణ కూడా అవసరం. అతను బార్సిలోనాను ఆపింది రెండు మ్యాచ్‌లలో కాదు, ఒకటిన్నర మ్యాచ్‌లో. మార్షల్ 1985 మార్చి 5న గ్లాస్గోలో పుట్టి, సెల్టిక్ యువ జట్లలోనే పెరిగాడు. 2004 మార్చి 11న యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) కప్ నాలుగో రౌండ్ తొలి మ్యాచ్ కోసం బార్సిలోనా గ్లాస్గో వచ్చేనాటికి అతనికి 19 నిండి ఆరు రోజులు. ఆ రాత్రి గోల్‌పోస్టుల మధ్య నిలబడింది అతను కాదు, రాబ్ డగ్లస్. విరామానికి స్కోరు 0-0. ఆటగాళ్ళు లోపలికి వెళ్ళే సొరంగ మార్గంలో తోపులాట జరిగింది, అది ముగిసేసరికి డగ్లస్‌కూ, బార్సిలోనా ఆటగాడు తియాగో మొట్టాకూ రిఫరీ రెడ్ కార్డులు చూపించాడు. గోల్‌కీపర్ లేకుండా ఆడలేరు గనుక మేనేజర్ మార్టిన్ ఓనీల్ ఒక ఫీల్డ్ ఆటగాణ్ణి కూర్చోబెట్టి మార్షల్‌ను దింపాడు.

ఆ పదిహేను నిమిషాల విరామం గురించి చాలామంది ఆలోచించరు. మొదటినుంచీ ఆడే గోల్‌కీపర్ ఆటకు ముందే అరగంటకు పైగా బంతులు పట్టి, నేల తడిని, గాలివాటును, బంతి జారుడును చేతులకు అలవాటు చేసుకుని ఉంటాడు. తన ముందున్న డిఫెండర్లలో ఎవరు ఎంత వెనక్కి జరుగుతారో, ఎవరికి కేక వేసి చెప్పాలో మొదటి పది నిమిషాల్లో అతనికి తెలిసిపోతుంది. బెంచీ మీద నుంచి వచ్చేవాడికి ఆ సౌకర్యం ఉండదు. పైగా అప్పట్లో పరాయి మైదానంలో కొట్టిన గోల్‌కు అదనపు విలువ ఉండేది (యూఈఎఫ్ఏ ఆ నిబంధనను 2021లో ఎత్తివేసింది). సొంత మైదానంలో ఒక్క గోల్ ఇస్తే రెండో మ్యాచ్‌కు వెళ్ళేముందే సగం ఓడినట్టు. ఇక అతనికి కలిసివచ్చిన విషయమూ చెప్పాలి. విరామం తర్వాత కాసేపటికే బార్సిలోనా ఫార్వర్డ్ సావియోలా కూడా రెడ్ కార్డుతో వెళ్ళిపోవడంతో బార్సిలోనాకు తొమ్మిది మందే మిగిలారు. అలన్ థాంప్సన్ కొట్టిన గోల్‌తో సెల్టిక్ 1-0తో గెలిచింది.

అసలు పరీక్ష మార్చి 25న బార్సిలోనా సొంత మైదానం క్యాంప్ నౌలో ఎదురైంది. డగ్లస్‌పై నిషేధం ఉంది కాబట్టి ఈసారి మార్షల్ మొదటినుంచే ఆడాడు. రొనాల్డిన్హో ఉన్న జట్టు తొంభై నిమిషాలూ సెల్టిక్ పెనాల్టీ ఏరియా చుట్టూనే తిరిగింది. స్కోరు 0-0, సెల్టిక్ క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళింది. అక్కడ విల్లారియల్ చేతిలో ఓడిన సంగతిని ఇప్పుడు ఎవరూ తలచుకోరు, క్యాంప్ నౌ రాత్రి మాత్రం మిగిలిపోయింది. సెల్టిక్ అభిమానులకు యువ గోల్‌కీపర్ అంటే మొదటినుంచీ ప్రత్యేకమైన మమకారం ఉన్నదనుకోండి. 1927లో 18 ఏళ్ళకే ఆ జట్టు తరఫున ఆడడం మొదలుపెట్టి, 1931 సెప్టెంబర్‌లో గ్లాస్గోలోని ప్రత్యర్థి క్లబ్ రేంజర్స్‌తో మ్యాచ్‌లో తలకు తగిలిన దెబ్బతో 22 ఏళ్ళకే మరణించిన జాన్ థామ్సన్‌ను వాళ్ళు తరాలు మారినా మరువలేదు. అటువంటి క్లబ్‌లో ఒక గ్లాస్గో కుర్రవాడు బార్సిలోనాకు అడ్డునిలిస్తే అతని మీద ఆశలు ఏ ఎత్తుకు చేరతాయో ఊహించవచ్చు.

ఇక్కడే నేను మీ ప్రశ్నలోని అంతరార్థంతో విభేదిస్తాను. బార్సిలోనాను ఆపగలిగినవాడు ఎవరినైనా ఆపగలడు అన్న భావన మీ మాటల్లో ఉంది, గోల్‌కీపర్ విషయంలో అది చెల్లదు. క్యాంప్ నౌలో సెల్టిక్ జట్టంతా పెనాల్టీ ఏరియా ముందు గోడ కట్టినట్టు నిలబడింది. అటువంటి మ్యాచ్‌లో గోల్‌కీపర్ ముందున్న జాగా చిన్నది. బంతి ఎటునుంచి వస్తుందో అతనికి కనబడుతుంది, ముందుకు పరుగెత్తాలా వద్దా అన్న సంశయం తక్కువ, రెండు మూడు నిమిషాలకొకసారి ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది. పని పడుతున్న గోల్‌కీపర్‌కు ఆలోచించే తీరిక ఉండదు, అది అతనికి మేలు. చురుకైన కాళ్ళూ, గట్టి చేతులూ, కాస్త ధైర్యమూ ఉంటే 19 ఏళ్ళవాడు కూడా ఆ రాత్రి వీరుడు కాగలడు. ఆ మూడూ మార్షల్‌కు నిండుగా ఉన్నాయి.

స్కాటిష్ లీగ్‌లో సెల్టిక్ గోల్‌కీపర్‌గా శనివారం మధ్యాహ్నం ఆడడం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ సెల్టిక్కే దాడి చేసే జట్టు. డిఫెండర్లు మైదానం మధ్య గీత దగ్గరికి వెళ్ళిపోతారు, వాళ్ళ వెనుక నలభై గజాల ఖాళీకి ఒక్కడే కాపలా. యాభై నిమిషాల పాటు బంతి అతని దగ్గరికి రాదు. ఆ తర్వాత ఒక పొడవాటి బంతి వస్తుంది. దాన్ని అందుకోవడానికి ముందుకు పరుగెత్తాలా, గీత మీదనే ఉండాలా అన్నది ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. ఆ నిర్ణయం చేతులకు కాదు, అనుభవానికి సంబంధించినది, ఆ అనుభవం శిక్షణ మైదానంలో రాదు. మా పిల్లలకు ఈ తేడా తెలియజెప్పడానికి నేను ఒక పని చేయిస్తాను. ఒకణ్ణి గోల్‌లో నిలబెట్టి పది నిమిషాలు వరసగా బంతులు కొట్టిస్తాను, దాదాపు అన్నీ పడతాడు. మరుసటి రోజు అదే పిల్లవాణ్ణి నలభై నిమిషాలు ఊరికే నిలబెట్టి, ఒకే ఒక్క బంతి వేయిస్తాను. ఎండలో నిలబడి నిలబడి గ్లవ్స్ పట్టీ విప్పుకుంటూ, మళ్ళీ బిగించుకుంటూ ఉంటాడు, బంతి పక్కనుంచి వెళ్ళిపోతుంది. పెద్ద క్లబ్ గోల్‌కీపర్ బతుకు ఆ రెండో రోజు లాంటిదే.

ఆ తరంలోని తోటివారితో పోల్చి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. మార్షల్ ఎవరి స్థానంలో వచ్చాడో ఆ డగ్లస్ లివింగ్‌స్టన్‌లో, డండీలో ఏళ్ళ తరబడి ఆడి, 28 ఏళ్ళకు సెల్టిక్ చేరాడు. మార్షల్ కంటే రెండేళ్ళు పైచిలుకు పెద్దవాడైన క్రెయిగ్ గోర్డన్‌ను ఎడిన్‌బరోలోని హార్ట్స్ క్లబ్ 2001-02లో కౌడెన్‌బీత్ అనే చిన్న ఊరి జట్టుకు లోన్ మీద పంపింది. ఫైఫ్ ప్రాంతపు బొగ్గుగనుల ఊరు అది. అక్కడి మూడో అంచె ఫుట్‌బాల్‌లో మోచేతుల పోట్లు తింటూ కార్నర్ బంతులు పట్టడం నేర్చుకుని వచ్చాక గానీ హార్ట్స్ అతన్ని నమ్మలేదు. 2007లో సండర్‌లాండ్ అతన్ని 90 లక్షల పౌండ్లకు కొన్నప్పుడు బ్రిటన్‌లో ఒక గోల్‌కీపర్‌కు ఇచ్చిన ధరల్లో అది రికార్డు. రేంజర్స్ అలన్ మెక్‌గ్రెగర్ సంగతీ అంతే. సెయింట్ జాన్‌స్టన్, డన్‌ఫర్మ్‌లిన్ జట్లకు లోన్ మీద ఆడి వచ్చి, 24 ఏళ్ళ వయసులో తన క్లబ్‌లో మొదటి ఎంపిక అయ్యాడు. గోర్డన్, మెక్‌గ్రెగర్, మార్షల్ ముగ్గురూ ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా స్కాట్లాండ్ గోల్‌కీపర్ స్థానాన్ని వంతులవారీగా పంచుకున్నారు. ప్రతిభలో వీళ్ళ మధ్య పెద్ద తేడా ఉందని నేననుకోను. మొదటి ఇద్దరికి కుర్రవయసులో తమ తప్పులు చేసుకోవడానికి చాలా తక్కువమంది చూసే మైదానాలు దొరికాయి. మార్షల్ తన తప్పులు చేసింది అరవై వేలమంది ముందు.

2004 వేసవి తర్వాత అతని మీద బరువు ఒక్కసారిగా పెరిగింది. గోర్డన్ మే నెలలో స్కాట్లాండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఆగస్టు 18న హంగరీ మీద మార్షల్‌కూ ఆ అవకాశం వచ్చింది. హ్యాంప్‌డెన్ పార్క్‌లో స్కాట్లాండ్ 0-3తో ఓడింది. నవంబర్‌లో స్వీడన్ చేతిలో 1-4. రెండూ స్నేహపూర్వక మ్యాచ్‌లే, స్వీడన్ మ్యాచ్‌కు కొద్దిగా ముందే తప్పుకున్న మేనేజర్ బెర్టీ వోగ్ట్స్ కాలంలో స్కాట్లాండ్ జట్టు ఎంత చితికిపోయి ఉండేదో తెలిసినవారు ఆ ఏడు గోల్స్‌ను ఒక కుర్రవాడి ఖాతాలో వేయరు. కానీ ఆ తర్వాత అయిదేళ్ళ దాకా అతనికి జాతీయ జట్టులో ఆడే పిలుపు రాలేదు. క్లబ్‌లోనూ 2004-05 సీజనంతా ఊగిసలాటే. కొంతకాలం అతను, కొంతకాలం డగ్లస్. ఆ సీజన్ చివర్లో 2005 మే నెలలో జరిగిన స్కాటిష్ కప్ ఫైనల్‌లో గోల్ కాసింది డగ్లస్. ఇద్దరిలో ఎవరినీ తేల్చకుండా నడపడం గోల్‌కీపర్లకు మంచిది కాదని నా గట్టి నమ్మకం. ఫార్వర్డ్ ఆటగాడు బెంచీ మీద నుంచి వచ్చి ఇరవై నిమిషాలు ఆడి మళ్ళీ ఊపు అందుకోగలడు, గోల్‌కీపర్‌కు ఆ వీలే లేదు.

ఇప్పుడు బ్రాటిస్లావా సంగతి. 2005 వేసవిలో ఓనీల్ వెళ్ళిపోయాడు, గోర్డన్ స్ట్రాకన్ వచ్చాడు, డగ్లస్ లెస్టర్‌కు మారాడు. జూలై 27న చాంపియన్స్ లీగ్ రెండో క్వాలిఫైయింగ్ రౌండ్‌లో స్లొవేకియా చాంపియన్, బ్రాటిస్లావా క్లబ్ ఆర్ట్‌మీడియాతో ఆడినది స్ట్రాకన్‌కు మొట్టమొదటి పోటీ మ్యాచ్. సెల్టిక్ 0-5తో ఓడింది. విరామానికి కాస్త ముందు మొదటి గోల్, మిగిలిన నాలుగూ రెండో సగంలో. హలేనార్ అనే ఆటగాడు ఒక్కడే మూడు కొట్టాడు. యూరప్ పోటీల్లో సెల్టిక్‌కు అంతటి ఓటమి అంతకుముందు లేదు. సీజన్ ఆరంభం, కొత్త మేనేజర్, ఒకరి అడుగు ఒకరికి ఇంకా తెలియని రక్షణ వరస. గోల్ తిన్నాక సమం చేయాలని జట్టంతా ముందుకు పోవడంతో వెనుక మిగిలిన ఖాళీలో ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఒంటరిగా నిలబడ్డాడు. నేను పైన చెప్పిన నలభై గజాల ఖాళీ అదే. ఆ జట్టు అంత తేలికైనదీ కాదు, ఆ ఏడాదే చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరి పోర్టోను దాని సొంత మైదానంలో ఓడించింది. మూడు రోజుల తర్వాత జూలై 30న లీగ్ తొలి మ్యాచ్ మదర్‌వెల్‌తో 4-4. రెండు మ్యాచ్‌లలో తొమ్మిది గోల్స్. ఆగస్టు 2న ఆర్ట్‌మీడియాతో తిరుగు మ్యాచ్‌లో లెగియా వార్సా నుంచి వచ్చిన ఆర్తూర్ బోరుట్స్ గోల్ కాశాడు, సెల్టిక్ 4-0తో గెలిచింది. మొత్తం మీద ఒక్క గోల్ తేడాతో పోటీ నుంచి తప్పుకున్నా, గోల్‌పోస్టుల మధ్య ఎవరుండాలన్న చర్చ ఆ రాత్రితో ముగిసిపోయింది.

మార్షల్‌ను పక్కనబెట్టిన ఆ నిర్ణయం అన్యాయమని కొందరు ఇప్పటికీ అంటారు. నేను అనను. బోరుట్స్ అప్పటికే 25 ఏళ్ళవాడు, పోలండ్ జట్టు గోల్‌కీపర్. సెల్టిక్ ఆ తర్వాత వరసగా మూడు లీగ్ టైటిల్స్ గెలిచింది. 2006 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0 గెలుపులో చివరి నిమిషాల్లో యునైటెడ్ ఫార్వర్డ్ సాహా కొట్టిన పెనాల్టీని బోరుట్స్ ఆపడంతో క్లబ్ మొదటిసారి చాంపియన్స్ లీగ్ చివరి పదహారు జట్లలోకి వెళ్ళింది. మేనేజర్‌గా చేయవలసిన పని స్ట్రాకన్ చేశాడు. తప్పు జరిగిందంటే ఆ తర్వాత జరిగింది: మార్షల్ 2005 ఆగస్టు నుంచి 2007 జనవరి దాకా ప్రధానంగా బెంచీ మీదనే ఉండిపోయాడు. ఇరవై నుంచి దాదాపు ఇరవై రెండేళ్ళ దాకా, ఒక గోల్‌కీపర్ అత్యంత వేగంగా నేర్చుకునే వయసులో, అతనికి మ్యాచ్‌లు లేవు.

ఇది మీ మూడో ప్రశ్నకు దారి తీస్తుంది. ముందే లోన్ మీద పంపి ఉంటే బాగుండేదా అన్నదానికి సూటి జవాబు ఇవ్వడం కష్టం, ఎందుకంటే 2003-04లో అతన్ని ఎక్కడికైనా పంపి ఉంటే ఆ మార్చి రాత్రి డగ్లస్‌కు రెడ్ కార్డు పడినప్పుడు బెంచీ మీద మార్షల్ ఉండేవాడే కాదు. అతన్ని ప్రపంచానికి చూపించిన అదృష్టమూ, అతని శిక్షణలో కలిగిన లోటూ రెండూ ఒకే చోట, బెంచీ మీద కూర్చుని ఉండడంలోనే ఉన్నాయి. పైగా గోల్‌కీపర్‌ను లోన్ మీద పంపడం మిగతా ఆటగాళ్ళను పంపినంత తేలిక కాదు. జట్టుకు ముగ్గురే ఉంటారు, ఒకరికి వేలు బెణికితే మూడోవాడు బెంచీ మీదికి రావాలి. తీసుకునే క్లబ్ కూడా తన గోల్‌కీపర్‌ను తీసేసి పరాయివాణ్ణి ఆడించడానికి వెనకాడుతుంది. అయినా నన్ను గట్టిగా అడిగితే, పంపవలసిన సమయం బోరుట్స్ స్థిరపడిన 2005 శరదృతువే అంటాను. ఆలస్యమైన ఆ పదహారు పదిహేడు నెలలకు మాత్రం నాకు సమర్థన కనబడదు.

చివరికి 2007 జనవరిలో అతను ఇంగ్లండ్ రెండో అంచెలోని నారిచ్ సిటీకి లోన్ మీద వెళ్ళాడు. అప్పుడు అక్కడి మేనేజర్ పీటర్ గ్రాంట్, ఒకప్పటి సెల్టిక్ ఆటగాడు. ఫిబ్రవరిలో చెల్సీతో కప్ మ్యాచ్‌లో గాయపడడంతో ఆ అయిదు నెలల్లో పెద్దగా ఆడలేకపోయినా, వేసవిలో నారిచ్ అతన్ని పూర్తిగా కొనుక్కుంది. ఆ డివిజన్‌లో ఒక్కో జట్టుకు ఏడాదికి 46 లీగ్ మ్యాచ్‌లు. ఆగస్టు నుంచి మే దాకా శనివారం, మధ్యలో ఒక మంగళవారం, మళ్ళీ శనివారం. కార్నర్ పడగానే మీద పడి తోసే భారీ ఫార్వర్డ్‌లు, బురద, వారం మధ్యలో రాత్రి వేళ బస్సు ప్రయాణాలు. కౌడెన్‌బీత్‌లో గోర్డన్ చదివిన పాఠాన్ని మార్షల్ నారిచ్‌లో, ఆరేళ్ళు ఆలస్యంగా చదివాడు. జట్టు మాత్రం బలహీనమైనది. 2009లో మూడో అంచెకు పడిపోయింది. అప్పటి మేనేజర్ బ్రయాన్ గన్ తానే ఒకప్పటి స్కాట్లాండ్ గోల్‌కీపర్ కావడం విచిత్రం (ఆయన కొడుకు ఆంగస్ కూడా 2023లో స్కాట్లాండ్ గోల్ కాయడం మొదలుపెట్టాడు). కింది అంచెకు పడిపోయిన జట్టు గోల్‌కీపర్‌ను సాధారణంగా ఎవరూ తీసుకోరు. కానీ ఆ వేసవిలోనే కార్డిఫ్ సిటీ 24 ఏళ్ళ మార్షల్‌ను తీసుకుంది. ఆ రెండేళ్ళలో ఎవరో జాగ్రత్తగా గమనించారన్నమాట.

తొలి దశ అక్కడితో ముగిసినట్టే. మిగిలినది తొందరగా చెబుతాను. కార్డిఫ్‌తో 2013లో రెండో అంచె టైటిల్, ఆ వెంటనే ప్రీమియర్ లీగ్. ఆసక్తికరమైన విషయమేమంటే, 2013లో స్కాట్లాండ్ మేనేజర్‌గా వచ్చి, 2016 యూరో అర్హత పోటీలకు మార్షల్‌ను మొదటి గోల్‌కీపర్‌గా ఎంచుకున్నది మరెవరో కాదు, గోర్డన్ స్ట్రాకనే. బ్రాటిస్లావా రాత్రి డగౌట్‌లో నిలబడి అయిదు గోల్స్ చూసినవాడు. ఆ ఒక్క మ్యాచ్‌తోనే కుర్రవాడి విలువ కట్టి ఉంటే ఆయన ఈ పని చేసేవాడు కాదు. మీ రెండో ప్రశ్నకు ఇంతకంటే మంచి సమాధానం నా దగ్గర లేదు.

బెల్‌గ్రేడ్‌ను కూడా మీరు ప్రస్తావించి ఉంటే బాగుండేది. 2020 నవంబర్ 12, ప్రేక్షకులు లేని స్టేడియం, సెర్బియాతో 1-1 తర్వాత పెనాల్టీలు. స్కాట్లాండ్ అయిదూ కొట్టింది. సెర్బియా అయిదో పెనాల్టీకి మిత్రోవిచ్ వచ్చాడు. 35 ఏళ్ళ మార్షల్ తన ఎడమ వైపుకు దూకి దాన్ని ఆపాడు. 1998 తర్వాత మొదటిసారి స్కాట్లాండ్ పురుషుల జట్టు ఒక పెద్ద టోర్నమెంట్‌కు చేరింది. జట్టంతా అతని వైపు పరుగెత్తుకు వస్తోంది. బంతి కదిలేనాటికి గోల్‌కీపర్ ఒక పాదమైనా గీత మీద ఉండాలన్న నిబంధన ఉంది కదా. అతను మాత్రం లేచి నిలబడి, సంబరపడకుండా, రిఫరీ వైపు చూస్తూ ఆగాడు. వీడియోలో పాదం సరిగ్గానే ఉందని తేలినట్టు సైగ వచ్చాకే చేతులు పైకెత్తాడు.